గ్లామర్ అనే కనికట్టు

తెలుగు సినిమా సమీక్షల్లో ఏళ్ళు గడిచినా మారని వాక్యం ఒకటుంది: 'హీరోయిన్ పాత్ర గ్లామర్‌కే పరిమితమైంది.' చదివిన ప్రతివాళ్ళకూ విషయం అర్థమైపోతుంది. ఆ అమ్మాయి మూడు పాటల్లో కనిపిస్తుంది. హీరో అల్లరికి ఒకసారి కోప్పడి, మరోసారి నవ్వుతుంది. క్లైమాక్సులో విలన్ చేతికి చిక్కుతుంది, లేదంటే అసలు కనిపించదు. ఆమె అందంగా ఉందని చెప్పడానికి రాసిన వాక్యం కాదది, ఆమెకు చేయడానికి పనేమీ ఇవ్వలేదని చెప్పడానికి రాసింది. సావిత్రిని ఎవరూ 'గ్లామర్‌కే పరిమితం' అనలేదు. పాత పెళ్ళి ఫొటోలో అమ్మమ్మను చూసి 'ఎంత బాగుందో' అంటాం గానీ 'ఎంత గ్లామరో' అనం. అందంలో పైకి కనిపించేది, చూసేవాళ్ళ కోసం పెట్టింది, లోపల ఏముందని అడగనక్కర్లేనిది ఏదుందో, దాన్ని మాత్రం విడదీసి గ్లామర్ అని పేరు పెట్టుకున్నాం.

ఈ మాట మన భాషలోకి ఎలా వచ్చింది, రాకముందు దాని చోట ఏ మాటలుండేవి, వచ్చాక అది చేస్తున్న పనేమిటి? ఈ వ్యాసంలో ఆ ప్రశ్నను మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతాను. గ్లామర్ అనే మాట తెలుగులో స్త్రీ గురించి చెబుతున్నట్టే ఉంటుంది, కానీ ఆమెను అలా చూపించినవాళ్ళ పేరు బయటపడకుండా కాపాడుతుంది.

ఈ మాట పుట్టిల్లు స్కాట్లండ్. ఇంగ్లీషులో వ్యాకరణాన్ని సూచించే 'గ్రామర్' అనే మాటే జనం నోట నలిగి 'గ్లామర్' అయింది. వ్యాకరణానికీ సొగసుకూ చుట్టరికం ఎలా కుదిరిందంటే, మధ్యయుగాల ఐరోపాలో చదువు వచ్చినవాళ్ళు చాలా కొద్దిమంది. లాటిన్ వ్యాకరణం వంటబట్టినవాడికి మంత్రతంత్రాలు కూడా తెలిసే ఉంటాయని మామూలు జనం నమ్మేవారు. ఆ నమ్మకంలోంచి పుట్టిన మాట కాబట్టి దానికి మొదట్లో మంత్రం అనే అర్థమే ఉండేది. జిప్సీలు వచ్చి ఒక జమీందారిణి మీద గ్లామర్ ప్రయోగించి తమ వెంట తీసుకుపోయారని ఒక పాత స్కాట్ జానపద గేయం చెబుతుంది. 1789లో రాబర్ట్ బర్న్స్ ఒక పద్యంలో గ్లామర్, గ్రామర్ అనే రెండు మాటలనూ పక్కపక్కనే ప్రాసగా కూర్చాడు. 1805లో వాల్టర్ స్కాట్ తన 'ది లే ఆఫ్ ది లాస్ట్ మిన్‌స్ట్రెల్' కావ్యంతో దాన్ని ఇంగ్లండ్ పాఠకులకు అలవాటు చేశాడు. ఉన్న వస్తువు ఒకటైతే చూసేవాడికి ఇంకొకటిగా కనిపించేలా చేసే శక్తి అని అప్పటి అర్థం.

తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే మాట కనికట్టు. గారడీవాడు చేతిలోని గులకరాయిని రూపాయిగా చూపిస్తే రాయి రాయిగానే ఉంటుంది, కట్టు పడేది చూసేవాడి కంటికి. గ్లామర్ మొదటి అర్థంలోనూ మాయ చేసేవాడు ఒకడు, మాయలో పడేవాడు ఒకడు ఉన్నారు. ఆ ఇద్దరూ తర్వాతి కాలంలో మాటలోంచి జారిపోయారు. మిగిలింది ఎదురుగా కనిపించే వస్తువొక్కటే.

జారిపోవడం మొదలైంది హాలీవుడ్‌లో. 1930లలో అమెరికా స్టూడియోలు గ్లామర్‌ను కర్మాగారంలో తయారయ్యే సరుకుగా మార్చాయి. లైటింగ్ వాళ్ళు, మేకప్ వాళ్ళు, దుస్తుల విభాగం, ఫొటోగ్రాఫర్లు, చివర్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో మచ్చలు చెరిపే రీటచింగ్ పనివాళ్ళు అందరూ కలిస్తే గాని ఒక 'గ్లామర్ ఫొటో' రాదు. ఎంజీఎం స్టూడియోలో పనిచేసిన ఫొటోగ్రాఫర్ జార్జ్ హరెల్ ఈ విద్యలో పేరు మోసినవాడు. 1931లో ఆయన తీసిన నటి జోన్ క్రాఫర్డ్ ఫొటో సరిదిద్దకముందుదీ, సరిదిద్దిన తర్వాతదీ రెండూ ఇప్పటికీ దొరుకుతాయి. మొదటిదాంట్లో ఆమె బుగ్గల మీద, నుదుటి మీద చుక్కలు దట్టంగా ఉంటాయి, కళ్ళ కింద సన్నని ముడతలు కనిపిస్తాయి. రెండోదాంట్లో ఒక్క చుక్క లేదు, ఒక్క గీత లేదు. ప్రపంచం చూసింది రెండోదే. చూసి, అది ఆమె సొంత గ్లామర్ అనుకుంది. గంటల తరబడి నెగెటివ్ మీద వంగి కూర్చున్న పనివాడు ఎవరికీ గుర్తు రాలేదు.

అక్కడి నుంచి మాట వేగంగా దిగజారింది. 1939లో అమెరికాలో 'గ్లామర్ ఆఫ్ హాలీవుడ్' పేరుతో పత్రిక మొదలైంది. అదే ఏడాది నటి ఆన్ షెరిడాన్‌ను 'ఊంఫ్ గర్ల్' అని ప్రచారం చేశారు. అంతకు ముందే 1927లో క్లారా బో నటించిన 'ఇట్' సినిమా వల్ల 'ఇట్ గర్ల్' అనే మాట వాడుకలోకి వచ్చింది. యుద్ధకాలంలో సైనికుల గోడలకు 'పిన్ అప్' బొమ్మలు ఎక్కాయి. 1970 నుంచి ఒక బ్రిటిష్ పత్రిక మూడో పేజీలో ఛాతీ కప్పుకోని యువతుల ఫొటోలు వేయడం మొదలుపెట్టాక, ఆ దేశంలో 'గ్లామర్ మోడల్' అంటే బట్టలు విప్పే మోడల్ అనే అర్థం స్థిరపడిపోయింది. ఆ తర్వాత అమెరికా టీవీ పరిశ్రమ నుంచి 'ఐ క్యాండీ' వచ్చింది. కంటికి చాక్లెట్టు, కడుపు నింపనిది, ఆలోచన అడగనిది అని దాని భావం. తెలుగు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. మనకు కనువిందు ఉంది, కన్నుల పండువ ఉంది. భద్రాచలంలో సీతారాముల కల్యాణం కన్నుల పండువగా జరుగుతుంది, పంట చేను కనువిందు చేస్తుంది. ఆ మాటల్లో చిన్నచూపు లేదు, చూసేవాడి ఆనందం ఉంది.

గ్లామర్ రాకముందు పైపై సొగసుకు తెలుగులో మాటలు లేకపోలేదు. నీటు, హొయలు, ఒయ్యారం, వగలు, కులుకు, టెక్కు, డాబు అన్నీ ఉన్నాయి. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన షోకు మన నోట సోకు కూడా అయింది. మొత్తంగా పైన పటారం లోన లొటారం అనే సామెత ఉండనే ఉంది. వీటిని వరసగా చూస్తే ఒక సంగతి తడుతుంది. మగవాళ్ళ వాటా వీటిలో తక్కువేం కాదు. సోగ్గాడు, నీటుగాడు, షోకిల్లా అన్నవి మగవాళ్ళకు పెట్టిన పేర్లే. వగలాడి, ఒయ్యారి ఎంత ఉన్నాయో ఇవీ అంతే ఉన్నాయి. గురజాడ 'కన్యాశుల్కం'లో పైపై మెరుగుకు నిలువెత్తు రూపం ఎవరంటే గిరీశమే. చుట్ట, ఇంగ్లీషు ముక్కలు, కవిత్వం కలిపి వెంకటేశాన్నీ బుచ్చమ్మనూ కట్టిపడేస్తాడు. అందమే వృత్తిగా బతికే మధురవాణి ఆ నాటకంలో అందరికన్నా నిజాయతీ ఉన్న మనిషిగా నిలుస్తుంది. 1892లో విజయనగరంలో ఆడిన నాటకం అది, 1897లో అచ్చయింది. ఎవరి మెరుగు లోపల ఏముందన్న ప్రశ్నను అంత నిక్కచ్చిగా అడిగిన రచన ఆ తర్వాత మనకు చాలా తక్కువ.

రంగస్థలం కూడా ఒక పాఠం నేర్పింది. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా రంగం మీదికి వస్తే ప్రేక్షకులు కళ్ళు తిప్పుకోలేకపోయేవారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపంలో జడ ముందుకు వేసుకుని నడిచే నడకను జనం తరాలపాటు చెప్పుకున్నారు. ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, స్థానం వారికి 1956లో, శర్మ గారికి 1970లో. ఇద్దరూ మగవాళ్ళు. ఒయ్యారం శరీరంలో పుట్టేది కాదని, అభ్యాసంతో, ఆహార్యంతో, లయతో కల్పించేదని ఆ ప్రేక్షకులకు తెలుసు. తెలిసి చూశారు, తెలిసి మెచ్చుకున్నారు. మాయ చేసినవాడి పేరు చెప్పి మరీ చప్పట్లు కొట్టారు. గ్లామర్ అనే మాట మనకు రాకముందు ఉన్న ఈ సంస్కారాన్ని తక్కువ అంచనా వేయకూడదు.

తెలుగు తెర తొలి గ్లామర్ తార ఎవరంటే సినిమా చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా కాంచనమాల పేరు చెబుతారు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల'లో ఆమె నాయిక. అంటరానితనం మీద, ఆలయ ప్రవేశం మీద ఆ రోజుల్లో అంత ధైర్యంగా మాట్లాడిన సినిమా లేదు. అయినా జనం గుర్తుపెట్టుకున్నది ఆమె కళ్ళను, క్యాలెండర్లకెక్కిన ఆమె బొమ్మను. అయితే ఆ నాటి గ్లామర్‌లో కథ, పాత్ర కలిసే ఉన్నాయి. సంపాలత పాత్రను తీసేస్తే 'మాలపిల్ల' లేదు.

పాత్ర నుంచి గ్లామర్ విడిపోయింది 1960ల చివర్లో, క్లబ్ డాన్సుల కాలంలో. నాయిక ఒకరు, వ్యాంపు ఒకరు అయ్యారు. నాయిక నిండు చీరలో ఉంటుంది, వ్యాంపు ముత్యాల దుస్తుల్లో గాజు గ్లాసుల మధ్య ఆడుతుంది. విజయలలిత, జ్యోతిలక్ష్మి, జయమాలిని, హలం ఆ రెండో వైపు నిలబడ్డారు. వీళ్ళు నటించలేరని కాదు. 1970లో 'రౌడీ రాణి'లో విజయలలిత తుపాకి పట్టి సినిమా మొత్తాన్ని తన భుజాల మీద నడిపింది. కానీ పత్రికలు ఆమె పేరు ముందు 'శృంగార తార' అనే ముద్ర తీయలేదు.

ఆ ముద్ర బరువు ఎంతో చెప్పడానికి సిల్క్ స్మిత జీవితం చాలు. పశ్చిమ గోదావరి జిల్లా కొవ్వలిలో 1960లో పుట్టిన విజయలక్ష్మి నాలుగో తరగతితో చదువు ఆపింది. చిన్న వయసులోనే పెళ్ళయింది. ఆ పెళ్ళి నుంచి పారిపోయి మద్రాసు చేరి, తారలకు టచప్ చేసే పనిలో కుదిరింది. 1980లో తమిళ సినిమా 'వండిచక్కరం'లో సిల్క్ అనే సారా కొట్టు అమ్మాయి పాత్ర వేసింది. ఆ పాత్ర పేరే ఆమె పేరైపోయింది. మరుసటి ఏడాది భారతీరాజా 'సీతాకోకచిలుక'లో ఆమెకు భార్య పాత్ర ఇచ్చాడు. ఆ సినిమాలో ఆమె ముఖంలోని దిగులు చూసినవాళ్ళు ఆమెను డాన్సర్ అని సరిపెట్టుకోలేరు. కానీ ఆ తలుపు మళ్ళీ పెద్దగా తెరుచుకోలేదు. వందల సినిమాల్లో ఆమె పాట కోసం పంపిణీదారులు పట్టుబట్టారు, పాట పెట్టినందుకు జనం ఆమెనే తిట్టారు. 1996 సెప్టెంబరు 23న చెన్నైలో తన ఇంట్లో చనిపోయేనాటికి ఆమె వయసు 35. 2011లో ఆమె జీవితం స్ఫూర్తిగా హిందీలో వచ్చిన 'ది డర్టీ పిక్చర్' పెద్ద విజయం సాధించింది. అందులో నటించిన విద్యా బాలన్‌కు జాతీయ అవార్డు వచ్చింది. సిల్క్ పాత్ర వేసినందుకు దక్కిన గౌరవం సిల్క్‌కు బతికుండగా దక్కలేదు. ఈ మాట రాస్తుంటే నాకు బాధ కలుగుతుంది.

తర్వాతి కాలంలో వ్యాంపు మాయమైంది, ఆమె పని నాయిక మీద పడింది. ఆ పైన ఐటం సాంగ్ వచ్చింది. ఇప్పుడు అగ్రతారలే ఐటం సాంగ్ చేస్తున్నారు, 2016లో 'జనతా గ్యారేజ్'లో కాజల్, 2021లో 'పుష్ప'లో సమంత, 2024లో దాని రెండో భాగంలో శ్రీలీల. వీటిలో సమంత పాటకు చంద్రబోస్ రాసిన సాహిత్యం చూసే మగవాడినే నిలదీస్తుంది. అయినా పాట చిత్రీకరణలో కెమెరా మాత్రం పాత దారిలోనే నడిచింది. మాట ఒకవైపు, చూపు ఒకవైపు పోయాయి.

అసలు విషయం మన పత్రికల భాషలో ఉంది. అక్కడ కాసేపు ఆగుదాం. ఒక నటి కొత్త ఫొటోలు వస్తే రాసే వాక్యాలు మీకు తెలిసినవే: 'అందాలు ఆరబోసింది', 'గ్లామర్ ఒలకబోసింది', 'డోసు పెంచింది', 'గ్లామర్ గేట్లు ఎత్తేసింది', 'కుర్రకారు మతులు పోగొడుతోంది'. వీటిలో క్రియలను గమనించండి. ఆరబోసేది వడ్లను, మిరపకాయలను. ఒలకబోసేది పాలను, నీళ్ళను. డోసు మందుకు ఉంటుంది. గేట్లు ఎత్తేది ప్రాజెక్టుకు. ప్రతి మాటా ఆమెను కొలతకు వచ్చే పదార్థంగా చేసింది, ఎంత బయటికి వచ్చిందన్నదే లెక్క. ఇక కర్త ఎవరు? ప్రతిసారీ ఆమే. ఆరబోసింది, ఒలకబోసింది, ఎత్తేసింది. ఆ దుస్తులు నిర్ణయించిన డిజైనరు లేడు, ఆ స్టెప్పు వేయించిన డాన్స్ మాస్టరు లేడు, కెమెరాను ఎక్కడ పెట్టాలో చెప్పిన దర్శకుడు లేడు, ఆ పాట ఉంటేనే కొంటానన్న పంపిణీదారు లేడు, ఆ ఫొటోను ఏరి మరీ వేసిన ఉపసంపాదకుడు లేడు. మతులు పోయిన కుర్రకారుకు కూడా బాధ్యత లేదు, పోగొట్టింది ఆమె కాబట్టి.

దీనికి ఎదురుగా ఇంకో మాటల జత ఉంది. ఒకవైపు 'గ్లామర్ పాత్ర', రెండోవైపు 'నటనకు ఆస్కారమున్న పాత్ర'. ఇంటర్వ్యూల్లో ప్రతి నటినీ ఈ రెంటిలో ఏది ఇష్టమని అడుగుతారు. హీరోను ఈ ప్రశ్న అడగరు. గ్లామర్ ఉంటే నటన ఉండదని, నటన ఉంటే గ్లామర్ అక్కర్లేదని ఎవరు తేల్చారో తెలియదు గానీ, అడగడం ఆగలేదు. గ్లామర్‌కు ఒప్పుకోకపోతే 'పద్ధతైన అమ్మాయి' అంటారు, ఒప్పుకుంటే 'దేనికైనా రెడీ' అంటారు. రెండూ ఆమె శీలం మీద తీర్పులే.

ఈ భాషకు ఎదురు మాట్లాడితే ఏమవుతుందో 2017లో చూశాం. నటి తాప్సీ తన తొలి తెలుగు సినిమా, 2010 నాటి 'ఝుమ్మంది నాదం' పాటలో బొడ్డు మీదికి కొబ్బరికాయ విసిరిన అనుభవాన్ని ఒక హాస్య కార్యక్రమంలో చెప్పింది. అందులో ఏం శృంగారం ఉందో తనకు అర్థం కాలేదంది. దుమారం రేగింది, చివరికి ఆమే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. కొబ్బరికాయ ఎందుకు విసిరారన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఇందుకు భిన్నంగా జరిగిన సంగతి ఒకటి ఉంది. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లో అసభ్యమైన స్టెప్పులు మానాలని సూచన జారీ చేసింది. దాన్ని ఎవరిని ఉద్దేశించి రాశారో చూడాలి. దర్శకులను, నిర్మాతలను, నృత్య దర్శకులను. కనికట్టు ఎవరు చేస్తారో వాళ్ళ పేరే రాశారు. మన సినిమా పేజీలు దశాబ్దాలుగా చేయని పని అది.

ఇది కొత్త ఆలోచన అని కూడా అనలేం. 1974లో ఉస్మానియా విద్యార్థినులు పెట్టుకున్న ప్రగతిశీల మహిళా సంఘం అశ్లీల పోస్టర్ల మీద హైదరాబాదు వీధుల్లో పోరాడింది. 1975లో ఇంగ్లండ్‌లో సినీ సిద్ధాంతకర్త లారా మల్వీ సినిమాలో చూపు ఎవరిది, చూడబడేది ఎవరు అన్న ప్రశ్నను సిద్ధాంతంగా రాసింది. అంతకు మూడేళ్ళ ముందు కళా విమర్శకుడు జాన్ బర్జర్ బీబీసీలో ప్రకటనల గురించి మాట్లాడుతూ, గ్లామర్ బతికేది చూసేవాళ్ళ అసూయ మీదేనన్నాడు. 1986లో మన పార్లమెంటు స్త్రీలను అసభ్యంగా చిత్రించడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. హైదరాబాదు అమ్మాయిలు వీధిలో, మల్వీ వ్యాసంలో అడిగిన ప్రశ్న ఒకటే.

గ్లామర్‌లో ముఖం ఒకరిది, గొంతు ఒకరిది కావడం తెలుగు సినిమాలో ప్రత్యేకంగా కనిపించే విషయం. ఇక్కడి నాయికల్లో చాలామందికి తెలుగు రాదు. వాళ్ళ ఏడుపు, నవ్వు, అలక అన్నీ సరిత, సునీత, చిన్మయి వంటివాళ్ళు డబ్బింగ్ థియేటరులో నిలబడి పలికారు. 2010లో 'ఏ మాయ చేసావే'లో సమంత పాత్రకు గొంతిచ్చిన చిన్మయికి నంది అవార్డు వచ్చింది. ఆ పాత్ర మీద ప్రేక్షకులకు కలిగిన ప్రేమలో సగం ఆ గొంతు మీదిదే. డబ్బింగుకు నంది అవార్డు పెట్టడం మంచి పని. కానీ భాష రాని ముఖాన్ని ఎందుకు ఎంచుకుంటున్నారని అడిగితే, రంగు దగ్గరికి వచ్చి ఆగుతుంది మాట. మన నేల మీద ఎక్కువమంది చామనచాయ, అంతకన్నా నల్లని వాళ్ళు. తెర మీద ఆ రంగు నాయికలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. పెళ్ళిసంబంధాల ప్రకటనల్లో 'తెల్లని' అన్న మాట ఇంకా మారలేదు.

అందంగా కనిపించి తీరాలన్న బాధ మగవాళ్ళకు బొత్తిగా లేదనడం అబద్ధం. 1975 నాటి 'సోగ్గాడు' శోభన్‌బాబును ఆంధ్రుల అందాల నటుడన్నారు. ఆయన ముసలి పాత్రలు, తండ్రి పాత్రలు ఒప్పుకోలేదు. 1990లలో తెర వదిలి, 2008లో చనిపోయేదాకా మళ్ళీ ముఖానికి రంగు వేసుకోలేదు. 2007లో 'దేశముదురు'లో అల్లు అర్జున్ సిక్స్ ప్యాక్ చూపించాక జిమ్ములు నిండాయి, హాస్యనటుడిగా వచ్చిన సునీల్ కూడా 'పూలరంగడు' కోసం ఒళ్ళు చెక్కుకున్నాడు. కానీ దాన్ని పత్రికలు ఏమన్నాయో గుర్తు చేసుకోండి: 'కష్టపడ్డాడు', 'మేకోవర్', 'అంకితభావం'. మగవాడు చొక్కా విప్పితే శ్రమ, స్త్రీ దుస్తులు తగ్గిస్తే ఆరబోత. ఇద్దరిదీ శరీరమే, ఇద్దరిదీ ఆకలి చంపుకుని చేసిన కసరత్తే.

పైపై సొగసుకు మనుషులు నిజంగా లొంగుతారా అన్న ప్రశ్నకు పరిశోధకులు వందేళ్ళుగా జవాబు వెతుకుతున్నారు. 1920లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అమెరికా సైన్యంలో అధికారులు కింది వాళ్ళకు ఇచ్చిన మార్కులు పరిశీలించాడు. దేహదారుఢ్యానికి మంచి మార్కులు వచ్చినవాడికి తెలివికీ నాయకత్వానికీ కూడా మంచి మార్కులే పడ్డాయి. 1972లో డియాన్, బెర్షీడ్, వాల్‌స్టర్ అనే ముగ్గురు పరిశోధకురాళ్ళు విద్యార్థులకు ఫొటోలు చూపించి అడిగితే, అందమైన ముఖం ఉన్నవాళ్ళ జీవితం, పెళ్ళి, ఉద్యోగం అన్నీ బాగుంటాయని ఊహించారు. 1991లో ఆలిస్ ఈగ్లీ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే తేలిన సంగతి నాకు ఊరటనిచ్చింది. అందమైనవాళ్ళు కలుపుగోలుగా ఉంటారని జనం బాగా నమ్ముతారు గానీ, నిజాయతీ విషయంలో ఆ నమ్మకం దాదాపు లేదు. పైన పటారం చూసి మోసపోతున్నామని మనకు లోలోపల ఎంతో కొంత తెలుసన్నమాట. డబ్బు లెక్క మాత్రం కఠినంగానే ఉంది. సగటు కంటే తక్కువ అందగాళ్ళనిపించుకున్నవాళ్ళు మామూలు రూపం ఉన్నవాళ్ళకన్నా 5 నుంచి 10 శాతం తక్కువ సంపాదిస్తున్నారని 1994లో ఆర్థికవేత్తలు హామర్‌మెష్, బిడిల్ అమెరికా లెక్కలతో చూపించారు. ఆ నష్టం మగవాళ్ళకూ తప్పలేదు.

కుర్రకారు యాస గురించి క్లుప్తంగా చెబుతాను. ఫిగరు, పీసు, మాలు, ఐటం, సరుకు అన్నవన్నీ అంగట్లో వస్తువుల పేర్లే. హైదరాబాదు కుర్రాళ్ళు పటాకా అంటారు, కోస్తాలో కత్తి అంటారు, ఇవి కాస్త నయం. కనీసం ఆమెకు కాల్చే గుణం, కోసే గుణం ఉన్నాయని ఒప్పుకుంటాయి. 'ఐటం' మాట తేలిక కాదని కోర్టు కూడా చెప్పింది. 2022లో ముంబయిలో ఒక ప్రత్యేక న్యాయస్థానం బాలికను ఐటం అని పిలిచి వేధించిన యువకుడికి ఏడాదిన్నర జైలు శిక్ష వేసింది. అమ్మాయిలు అబ్బాయిల గురించి వాడే క్రష్, చాక్లెట్ బాయ్ వంటి మాటల్లో ముద్దు ఉంది, వెటకారం ఉంది. వీధిలో నడిచేవాడిని భయపెట్టే బలం వాటికి లేదు.

గ్లామర్‌ను సమర్థించేవాళ్ళ వాదన కూడా బలమైనదే, దాన్ని పక్కన పెట్టలేం. 2010లో బ్రిటిష్ చరిత్రకారిణి కారల్ డైహౌస్ గ్లామర్ మీద రాసిన పుస్తకంలో, ఫ్యాక్టరీల్లో, షాపుల్లో పనిచేసే పేద అమ్మాయిలకు లిప్‌స్టిక్, బొచ్చుకోటు కులీన స్త్రీల మర్యాదను ధిక్కరించే ఆయుధాలయ్యాయని చూపించింది. మన దగ్గరా అంతే. పెళ్ళికి బ్యూటీపార్లరుకు వెళ్ళిన అమ్మాయిని, జీన్స్ వేసుకున్న కోడలిని చూసి 'సోకులు ఎక్కువయ్యాయి' అనే ఇంటి పెద్దల నోట ఉన్నది ఆమె మీద అదుపు పోతోందన్న భయం. తన ఇష్టంతో అలంకరించుకున్న స్త్రీని నిందించడానికి ఈ వ్యాసాన్ని ఎవరూ వాడుకోకూడదు. ముస్తాబు సుఖం. దాన్ని చూసి ఆనందించడమూ తప్పు కాదు. నాయిక తన ఇష్టంతో గ్లామర్ పాత్ర చేశానంటే ఆ మాటను నమ్మాలి. నేను అడిగేదల్లా, ఇష్టం ఆమెదైనప్పుడు ఆమె పేరు, ఆలోచన ఇంకొకరివైనప్పుడు ఆ ఇంకొకరి పేరు రాయమనే.

ఇలా అడగడం ఇప్పుడు మరీ అవసరమైంది. స్నాప్‌చాట్ ఫిల్టర్లు వచ్చాక, ఫిల్టరులో కనిపించిన తమ ముఖంలాగే తమను మార్చమని కొందరు వైద్యుల దగ్గరికి వస్తున్నారని 2018 నాటికే వైద్య పత్రికలు రాశాయి. ఫ్రాన్సు 2017లో, నార్వే 2022లో ప్రకటనల్లో మార్చిన శరీరాల ఫొటోలకు ఆ సంగతి తెలిపే ముద్ర వేయాలని నియమం పెట్టాయి. మనకు అలాంటిది లేదు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొకరి శరీరానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆ కేసులో అరెస్టు చేసిన యువకుడు మన గుంటూరు వైపువాడే. ఆమె పేరిట నడిపే అభిమానుల పేజీకి అనుచరులను పెంచుకోవడానికి ఆ పని చేశాడని పోలీసులు చెప్పారు. రెండు వందల ఏళ్ళ కిందట వాల్టర్ స్కాట్ చెప్పిన అర్థం అక్షరాలా తిరిగొచ్చింది: ఉన్నది ఒకటి, కనిపించేది ఇంకొకటి. ఆ వీడియోలో కనిపించిన ఇద్దరు స్త్రీలలో ఎవరూ ఏదీ ఆరబోయలేదు.

కాబట్టి సినిమా పేజీలు చూసే ఉపసంపాదకులకు, యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద శీర్షిక పెట్టే మిత్రులకు, సమీక్షకులకు నా విన్నపం. గ్లామర్ అనే మాట మీ వాక్యంలోకి వచ్చినప్పుడు దాన్ని కొట్టేసి, అక్కడ మీరు నిజంగా చూసిందేమిటో రాయండి. దుస్తులు బాగుంటే డిజైనరు పేరు రాయండి. పాట అసభ్యంగా ఉంటే డాన్స్ మాస్టరు, దర్శకుల పేర్లు రాయండి. పాత్రకు పనిలేకపోతే రచయిత ఆమెకు పనివ్వలేదని రాయండి. నటి బాగా నటిస్తే ఆ సన్నివేశం చెప్పండి. పాఠకులు కూడా 'అందాలు ఆరబోసింది' అన్న శీర్షిక కనిపిస్తే తెరవకుండా వదిలేయండి, ఆ శీర్షికలు బతుకుతున్నది మన క్లిక్కుల మీదే.